‘ఎడమ చెయ్యే కదా’

అమ్మ పడ్డ రోజు ఆ మాట ముందుగా అన్నది అమ్మే.

శ్రావణ మాసం, రెండు రోజులుగా ముసురు. దొడ్లో అంట్లు తోమే చోట పాచి పట్టిన బండ మీద కాలు జారి ఎడమ పక్కకు ఒరిగి పడింది. నేను హైదరాబాదు నుంచి తెనాలి చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. మంచం మీద కూర్చుని, కుడిచేత్తో ఎడమ మోచేతిని పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది. పడుకుంటే నొప్పి, కదిలితే నొప్పి. నా మొహం చూసి తనే నాకు ధైర్యం చెప్పింది: “పోనీలేవే, ఎడమ చెయ్యే కదా. కుడిదైతే అన్నం ఎట్లా తినేదాన్ని?”

తర్వాత అందరూ అదే మాట అన్నారు. పక్కింటి పిన్నిగారు అన్నారు. డల్లాస్ నుంచి అన్నయ్య ఫోన్లో అన్నాడు. ఎక్స్‌రే తీసిన అబ్బాయి అన్నాడు. నేనూ అన్నాను, ఒకసారి కాదు, చాలాసార్లు. తుంటి విరగలేదు, నడుస్తోంది, కుడిచేత్తో తింటోంది, ఇంకేం కావాలి అనుకున్నాం. అప్పటికి అమ్మకు 69 ఏళ్లు. ఆ వయసులో భుజం విరిగితే మన ఇళ్లలో జరిగే ఆలోచనంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. తొందరపడి ఒప్పుకోవడానికీ అదే కారణం, తర్వాత నెలల తరబడి పట్టించుకోకపోవడానికీ అదే కారణం. అది తప్పు లెక్క అని నేను అమ్మ పడ్డ బాధ చూసి నేర్చుకున్నాను. ఇంకో ఇంట్లో అంత బాధ పడకముందే ఎవరైనా చదువుతారని రాస్తున్నాను.

ముందు ఏం విరిగిందో చెప్పాలి. జబ్బ ఎముక పైకొస బంతిలా ఉంటుంది. రెక్క ఎముకకు ఉన్న పల్లపు గిన్నెకు ఆనుకుని ఆ బంతి తిరుగుతుంది. బంతి పక్కనే రెండు బొడిపెలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చెయ్యి ఎత్తడానికీ తిప్పడానికీ కావలసిన కండరాలు కొన్ని వచ్చి ఆ బొడిపెలకే అతుక్కుంటాయి. చార్లెస్ నీర్ అనే అమెరికన్ సర్జన్ 1970లో చెప్పిన లెక్కను డాక్టర్లు ఇప్పటికీ వాడతారు. బంతి, పెద్ద బొడిపె, చిన్న బొడిపె, కింద ఉండే ఎముక కాడ, ఈ నాలుగింటిలో ఎన్ని విడిపోయాయో చూస్తారు. ఒక సెంటీమీటరుకు మించి జరిగినా, 45 డిగ్రీలకు మించి వంగినా అది విడి ముక్క కింద లెక్క. అమ్మది నాలుగు ముక్కల విరుగుడు. పెద్ద వయసులో తుంటి, మణికట్టు తర్వాత ఎక్కువగా విరిగే చోటు ఇదేనట. మరి తుంటి గురించి ప్రతి ఇంట్లో తెలుసు, దీని గురించి ఎవరికీ తెలియదు.

మా వైపు ఎవరికి ఎముక విరిగినా పుత్తూరు కట్టు అనే మాట ముందు వస్తుంది. బాబాయి కూడా అదే అన్నాడు. అన్నయ్య వద్దన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు గారు వరండాలోనే నిలబడి, సెల్‌ఫోన్లో ఎక్స్‌రే చూసి, “ప్లేటు వేసేద్దాం, మూడు నెలల్లో మామూలైపోతారు” అన్నారు. మొత్తం పది నిమిషాలు. అన్నయ్యకు వీడియో కాల్ చేశాను. “ఎడమ చెయ్యే కదా, ఎక్కువ ఆలోచించకు, చేయించెయ్” అన్నాడు. సంతకం నేనే పెట్టాను. మూడో రోజు ఆపరేషన్ అయిపోయింది.

ఆ పది నిమిషాల్లో మాకు చెప్పాల్సినవి కొన్ని చెప్పలేదు. అడగాల్సినవి మేమూ అడగలేదు.

బంతికి రక్తం తెచ్చే సన్నని నాళాలు ఎముకను అంటిపెట్టుకునే పైకి వెళ్తాయి. ఎముక ముక్కలైతే అవీ తెగిపోవచ్చు. రక్తం అందని బంతి నెలల తరబడి లోపల్లోపలే చచ్చుబడి, చివరికి కుంగిపోతుంది. ఇది ముందుగా ఊహించలేని విషయమేమీ కాదు. స్విట్జర్లాండ్‌లో రాల్ఫ్ హెర్టెల్ అనే సర్జన్ బృందం వంద విరుగుళ్లను పరిశీలించి 2004లోనే కొన్ని గుర్తులు చెప్పింది. బంతిని అంటుకుని మిగిలిన కింది ఎముక 8 మిల్లీమీటర్ల కన్నా తక్కువగా ఉన్నా, లోపలి అంచు 2 మిల్లీమీటర్లకు మించి పక్కకు జరిగినా రక్తం ఆగిపోయే ప్రమాదం బాగా ఎక్కువ అని తేల్చింది. రక్తం ఆగిన ప్రతి బంతీ కుంగిపోదు, కొన్ని తేరుకుంటాయి అని కూడా వాళ్లే తర్వాత చూపించారు. కాబట్టి ఎవరూ జాతకం చెప్పలేరు, నిజమే. కానీ “ప్రమాదం ఉంది” అని చెప్పడానికి జాతకం అక్కర్లేదు. ఒక సీటీ స్కాన్ తీసి చూస్తే ముక్కలు ఎట్లా ఉన్నాయో ఎక్స్‌రే కంటే చాలా బాగా తెలుస్తుంది. అమ్మకు ఆ రోజు సీటీ తీయలేదు.

ఇంకోటి. ఈ విరుగుళ్లలో చాలావాటికి అసలు ఆపరేషనే అవసరం ఉండకపోవచ్చు. బ్రిటన్‌లో 250 మందిని రెండు జట్లుగా చేసి, సగం మందికి ఆపరేషన్, సగం మందికి మెడకు వేలాడే జోలె కట్టు, వ్యాయామం ఇచ్చి రెండేళ్లు చూశారు. ఫలితాలు 2015లో వచ్చాయి. రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఐదేళ్ల తర్వాత చూసినా అంతే. అందులో నాలుగు ముక్కల విరుగుళ్లు చాలా తక్కువ కాబట్టి అది అమ్మ కేసుకు నేరుగా వర్తిస్తుందని నేననను. నార్వేలో 65 నుంచి 85 ఏళ్ల మధ్య ఉన్న 124 మంది మీద ఇంకో పరిశీలన జరిగింది. ముక్కలు బాగా చెదిరిన భుజాలకు కొందరికి ప్లేటు వేశారు, కొందరికి నేరుగా కీలే మార్చారు. రెండేళ్ల తర్వాత నొప్పి, కదలిక, బలం చూసి నూటికి వేసిన మార్కుల్లో కీలు మార్చిన వాళ్లకు సగటున 68, ప్లేటు వేసిన వాళ్లకు 54.6 వచ్చాయి. ఇది 2020లో అచ్చైంది.

అంటే అమ్మలాంటి మనిషి ముందు ఆ రోజు మూడు దారులు ఉన్నాయి: కట్టు కట్టి చూడటం, ప్లేటు వేయడం, కీలు మార్చడం. మాకు ఒకటే చెప్పారు. ప్లేటు చెడ్డదని నా వాదన కాదు. నలభై యాభై ఏళ్ల వాళ్లకు, గట్టి ఎముక ఉన్నవాళ్లకు సొంత బంతిని కాపాడుకోవడం కన్నా మంచిది లేదు. అరవై తొమ్మిదేళ్ల మనిషికి, పిండిలా మెత్తబడిన ఎముకకు, నాలుగు ముక్కలైనప్పుడు “మూడు నెలల్లో మామూలైపోతారు” అని పూచీ ఇచ్చినట్టు చెప్పడం న్యాయం కాదు, అంతే నా వాదన.

మూడు నెలలు గడిచాయి. మామూలు కాలేదు.

చెయ్యి పక్కకు ఒక అడుగు ఎత్తేసరికి లోపల ఇసుకలో రాయి ఒరుసుకున్నట్టు శబ్దం వచ్చేది. నేను చెవి దగ్గర పెట్టి విన్నాను. రాత్రిళ్లు ఆ పక్కకు తిరిగితే లేచి కూర్చునేది. ఆసుపత్రికి వెళ్తే, “ఎముక అతుక్కుంది, మీరు వ్యాయామం సరిగ్గా చేయడం లేదు” అన్నారు. ఇది నాకు అన్నింటికన్నా కష్టం కలిగించిన మాట. అమ్మ చిన్నప్పటి నుంచి ఎవరు ఏ పని చెప్పినా సాకు చెప్పని మనిషి. ఆ మాట విన్నాక ఇంటికొచ్చి, కళ్లల్లో నీళ్లు కారుతున్నా పళ్లు బిగబట్టి చెయ్యి ఎత్తేది. లోపల ఏం జరుగుతోందో తెలియక నేనూ పక్కన కూర్చుని “ఇంకొంచెం, ఇంకొంచెం” అనేదాన్ని. ఇప్పుడు అది తల్చుకుంటే నాకు నిద్ర పట్టదు.

లోపల జరిగిందేమిటంటే, బంతి చచ్చుబడి కుంగుతోంది. ఈ ప్లేటు స్క్రూలు మామూలువి కావు, ప్లేటుకే బిగుసుకుని ఉంటాయి. ఎముక కుంగినా అవి వెనక్కి రావు, ఉన్నచోటే నిలబడతాయి. కుంగిన బంతిలోంచి వాటి మొనలు బయటకు పొడుచుకొస్తాయి. అప్పుడు చెయ్యి కదిపిన ప్రతిసారీ ఆ మొనలు అవతలి గిన్నెను గీస్తాయి. మేము చేయించిన ప్రతి వ్యాయామమూ ఆ గిన్నెను గీరింది. తొమ్మిదో నెలలో ఇంకో చోట తీయించిన ఎక్స్‌రేలో చూశాను. గుండ్రంగా ఉండాల్సిన బంతి ఒక పక్క నొక్కేసిన మట్టి ముద్దలా ఉంది. రెండు స్క్రూ మొనలు దాన్ని దాటి బయటకు వచ్చి ఉన్నాయి. డాక్టరు కాని నాకు కూడా కనిపించింది. ఐదో నెలలో ఎక్స్‌రే తీసినప్పుడు ఒక్క వైపు నుంచే తీశారు. ఒక వైపు నుంచి చూస్తే మొన లోపలే ఉన్నట్టు కనిపించొచ్చు, ఇంకో వైపు నుంచి చూస్తేనే తెలుస్తుంది.

ఆ తొమ్మిది నెలలు ఇంట్లో ఏమైందో చెప్పాలి, ఎందుకంటే “ఎడమ చెయ్యే కదా” అన్న మాటకు జవాబు అక్కడే ఉంది.

పప్పు మెదపాలంటే ఎడమ చెయ్యి పట్టకారుతో గిన్నె పట్టుకోవాలి, అప్పుడే కుడిచెయ్యి పప్పుగుత్తి తిప్పగలదు. కత్తిపీట మీద వంకాయ తరగాలంటే రెండు చేతులూ ముందుకు రావాలి. దండెం మీద చీర ఆరేయాలంటే రెండు చేతులూ పైకి లేవాలి. జుట్టు ముడి వేసుకోవాలంటే రెండు చేతులూ తల వెనక్కి పోవాలి. అమ్మ జుట్టు పనిమనిషి దువ్వేది, ఆమె రాని రోజు దువ్వని జుట్టుతోనే ఉండేది. జాకెట్టు చెయ్యి తొడగడం కుదరక, మా టైలరు ఎడమ పక్క చంక కింద నుంచి నడుము దాకా విప్పి ప్రెస్ బటన్లు పెట్టి ఇచ్చాడు. నాలుగు జాకెట్లు అట్లా చేయించాం. పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది. ఎందుకమ్మా అంటే, ఆ బటన్లు ఎక్కడ ఊడతాయోనని.

అన్నింటికన్నా ముఖ్యమైనది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే అమ్మ చెంచాతో తినడం మొదలుపెట్టింది. జీవితంలో ఎప్పుడూ చెంచాతో అన్నం తిన్న మనిషి కాదు. పెరుగన్నం కూడా చేత్తో పిసికి తినే మనిషి. కుడి చెయ్యికి ఏమీ కాలేదే, ఎందుకిట్లా అని నేను అనుకున్నానే తప్ప అడగలేదు. నాలుగు నెలల తర్వాత ఒకరోజు అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తల తిప్పుకుని చెప్పింది: “కడుక్కోవడానికి ఆ చెయ్యి పోవట్లేదే. ఈ చేత్తోనే కడుక్కుంటున్నా. ఎన్నిసార్లు సబ్బు పెట్టినా మళ్లీ అదే చెయ్యి అన్నంలో పెట్టబుద్ధి కావట్లేదు.”

కుడిదైతే అన్నం ఎట్లా తినేదాన్ని అన్న మనిషి, ఎడమది విరిగినందుకు చేత్తో అన్నం తినడం మానుకుంది.

భుజం ఎంత పని చేస్తోందో కొలిచే ఏ పాశ్చాత్య ప్రశ్నపత్రంలోనూ ఇది మన వాళ్లకు ఉన్నంత బరువుతో ఉండదు. చెయ్యి ఎన్ని డిగ్రీలు లేస్తోందో కొలుస్తారు. అల్మారా అందుతుందా అని అడుగుతారు. మన దగ్గర ఎడమ చెయ్యికి ఒక పని ఉంది, ఆ పని కోసం చెయ్యి పక్కకు, వెనక్కి పోవాలి. ఆడవాళ్లు దాన్ని మగ డాక్టరు దగ్గర నోరు విప్పి చెప్పరు. కూతురి దగ్గరే నాలుగు నెలలు చెప్పలేదు. కాబట్టి అడగాల్సింది డాక్టరే, ఫిజియోథెరపిస్టే, ఇంట్లో మనమే. ఎడమ భుజం విరిగితే అది చిన్న విషయమని ఇకముందు ఎవరన్నా నేను ఊరుకోను.

అయినా రెండో ఆపరేషన్ మాట వచ్చేసరికి ఇంట్లో ఎవరికీ మనసొప్పలేదు. “ఈ వయసులో మళ్లీ కోతలెందుకు, ఎంతకాలం బతుకుతానని” అన్నది అమ్మ. బంధువులంతా దానికి తలూపారు. ఇది ప్రేమతో అనే మాటే. కానీ దాని అర్థం ఏమిటి? డెబ్భై ఏళ్ల మనిషికి ఇంకో పదిహేనేళ్లు ఉండొచ్చు. అన్నేళ్లూ జుట్టు ముడి కూడా వేసుకోకుండా, చేత్తో అన్నం తినకుండా గడపమని చెప్పడమే కదా? నాన్నకు మోకాళ్లు అరిగినప్పుడు ఎవరూ ఈ మాట అనలేదు. అప్పు చేసి రెండు మోకాళ్లూ మార్పించాం. నాన్న నడవాలి కాబట్టి. అమ్మ చెయ్యి ఎత్తకపోయినా ఇల్లు నడుస్తుందని మనకు లోపల ఎక్కడో ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవాలి. అన్నయ్యతో ఫోన్లో ఇదే అన్నాను, గట్టిగానే అన్నాను. వదిన మధ్యలో అందుకుని, “ఆవిడ అడగలేదని మనం ఊరుకుంటామా” అంది. ఆ వారంలోనే అన్నయ్య డబ్బు పంపాడు.

హైదరాబాదులో చూపించిన రెండో డాక్టరు గారు మొదట అమ్మతో మాట్లాడారు, నాతో కాదు. చెయ్యితో ఏయే పనులు చేసుకునేవారో అడిగారు. తర్వాత మోచేతిని తన అరచేతికి ఆనించి పక్కకు తొయ్యమని, భుజం మీది గుండ్రటి కండరాన్ని వేళ్లతో తడిమి చూశారు. దాన్ని డెల్టాయిడ్ అంటారు. విరిగినప్పుడు గానీ ఆపరేషన్లో గానీ దానికి పోయే నరం దెబ్బతినొచ్చట. “ఈ కండరం పని చేస్తుంటేనే నేను చెప్పబోయే ఆపరేషన్‌కు అర్థం ఉంది” అన్నారు. అదృష్టవశాత్తు పని చేస్తోంది.

ఆయన చెప్పిన ఆపరేషన్ పేరు రివర్స్ షోల్డర్ రీప్లేస్‌మెంట్. పేరుకు తగ్గట్టే తలకిందులు వ్యవహారం. దేవుడు ఇచ్చిన భుజంలో బంతి జబ్బకు, గిన్నె రెక్కకు ఉంటాయి. ఇందులో బంతిని తీసుకెళ్లి రెక్కకు బిగిస్తారు, గిన్నెను జబ్బ ఎముకలో దించిన కాడ మీద పెడతారు. ఎందుకట్లా? మామూలుగా చెయ్యి ఎత్తాలంటే బొడిపెలకు అతుక్కున్న లోపలి కండరాలు బంతిని గిన్నెలో అదిమి పట్టాలి. నాలుగు ముక్కల విరుగుడులో ఆ బొడిపెలే చెదిరిపోయి, వంకరగా అతుక్కునో అరిగిపోయో ఉంటాయి. పాత పద్ధతిలో బంతి ఒక్కటే మారిస్తే దాన్ని పట్టి ఉంచేవాళ్లు లేరు. తలకిందులు చేస్తే తిరిగే కేంద్రం లోపలికి జరుగుతుంది, చెయ్యి కొంచెం కిందికి దిగుతుంది, డెల్టాయిడ్ సాగి దాని పట్టు పెరుగుతుంది. అప్పుడు ఆ ఒక్క కండరమే చెయ్యిని ఎత్తగలదు. బావి గిలక ఉన్నచోటు మారిస్తే అదే బొక్కెన తేలిగ్గా లేచినట్టు. ఫ్రాన్స్‌లో దీజోఁ నగరానికి చెందిన పాల్ గ్రామోఁ 1985లో ఈ పద్ధతికి రూపం ఇచ్చాడు. అంతకుముందు ప్రయత్నించిన వాళ్లవి ఎక్కువగా ఊడిపోయాయి, ఆయన కేంద్రాన్ని జరపడంతోనే నిలబడింది.

నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది ఆపరేషన్ గొప్పలు చెప్పినందుకు కాదు. ఏం రాదో చెప్పినందుకు. “నొప్పి బాగా తగ్గుతుంది. చెయ్యి భుజం ఎత్తు దాటి లేవచ్చు. కానీ వెనక్కి పోవడం మాత్రం ఈ ఆపరేషన్‌లో అన్నింటికన్నా బలహీనం. ముందే పగిలి, ప్లేటు పడి, చెడిపోయిన భుజం కాబట్టి, మొదటిరోజే చేసి ఉంటే వచ్చే ఫలితం ఇప్పుడు రాదు. ప్రమాదాలు కూడా ఎక్కువ.” ఆ చివరి వాక్యం విన్నప్పుడు నాకు వరండాలో పది నిమిషాలు గుర్తొచ్చాయి.

ఇంకో భయం చీము. 1893లో పారిస్‌లో జూల్స్ ఎమిల్ పియాన్ అనే సర్జన్ క్షయ పట్టిన భుజానికి ప్లాటినం, రబ్బరుతో చేసిన కీలు పెట్టాడు. ప్రపంచంలో మొట్టమొదటి కృత్రిమ భుజం అదేనని చెబుతారు. రెండేళ్లకు ఇన్ఫెక్షన్ వల్ల దాన్ని తీసేయాల్సి వచ్చింది. ఇప్పటికీ ఒకసారి ఆపరేషన్ జరిగిన భుజంలో అదే మొదటి అనుమానం. చర్మం మీద ఉండే క్యూటిబ్యాక్టీరియం అనే క్రిమి భుజంలో చేరితే జ్వరం రాకపోవచ్చు, ఎర్రబడకపోవచ్చు, రక్త పరీక్షలు కూడా మామూలుగానే ఉండొచ్చు. ల్యాబ్‌లో చాలా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి రెండు వారాల దాకా ఉంచి చూడాలి. అనుమానం గట్టిగా ఉంటే ముందు ప్లేటు తీసేసి, ఇన్ఫెక్షన్ తగ్గించి, తర్వాత కీలు పెడతారు, అంటే రెండు ఆపరేషన్లు. అమ్మకు పరీక్షలన్నీ బాగానే ఉండటంతో ప్లేటు తీయడం, కీలు పెట్టడం ఒకేసారి చేశారు. లోపల ఐదారు చోట్ల నుంచి చిన్న ముక్కలు తీసి ల్యాబ్‌కు పంపారు. ఆ రెండు వారాలూ ఫోన్ మోగితే చాలు టెన్షన్. ఏమీ పెరగలేదని కబురు వచ్చిన రోజు అమ్మ దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టమంది. కొట్టాను.

తీసిన ప్లేటు, స్క్రూలు ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఇచ్చారు. అరచేతిలో పెట్టుకుంటే అంత చిన్నవి.

ఆరు వారాలు జోలె కట్టు. వేళ్లు, మణికట్టు, మోచెయ్యి మాత్రం మొదటి రోజు నుంచే కదపాలి. కుర్చీలోంచి లేచేటప్పుడు ఆ చెయ్యి ఊతంగా పెట్టకూడదు, వెనక్కి తీసుకెళ్లకూడదు, కీలు జారిపోయే ప్రమాదం ఉంది. మన మంచాలు, మన కుర్చీలు, అలవాటుగా రెండు చేతులూ నొక్కి లేచే మన పెద్దవాళ్లు, ఇది పాటించడం ఎంత కష్టమో ఇంట్లో ఉండి చూసినవాళ్లకే తెలుస్తుంది. కుర్చీ ఎడమ చెయ్యి మీద ఒక దిండు కట్టి ఉంచాను, అక్కడ చెయ్యి పెట్టబోతే గుర్తు రావడానికి. తర్వాత బల్ల మీద తుండుగుడ్డ పరిచి, దాని మీద అరచెయ్యి పెట్టి ముందుకు తోయడం. “ఇల్లు తుడిచినట్టే ఉందే” అని ఇష్టంగా చేసేది. ఈసారి నొప్పి అన్న చోట ఆపమని ఫిజియోథెరపీ అమ్మాయే చెప్పేది.

ఆ అమ్మాయే ఒకరోజు నన్ను గదిలోంచి పంపించి అమ్మతో మాట్లాడింది. బాత్రూమ్ గురించి. ఆపరేషన్ చేయించుకున్న చెయ్యి వెనక నుంచి పోలేకపోయినా, కాస్త ముందుకు వంగి పక్క నుంచీ ముందు నుంచీ ఎట్లా అందుకోవాలో, ఎన్ని వారాల తర్వాత మొదలుపెట్టాలో నేర్పింది. ఎత్తైన సీటు, జెట్ స్ప్రే పెట్టించమని నాకు చెప్పింది. ఇంత చిన్న మాట. మొదటి ఆసుపత్రిలో ఎవరైనా ఇది అడిగి ఉంటే ఏమయ్యేదా అని నేను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఆ మొదటిసారి ఇంకోటి కూడా ఎవరూ అడగలేదు. అసలు ఎముక ఎందుకు విరిగింది? నిలబడ్డ ఎత్తు నుంచి పడితే ఎముక నాలుగు ముక్కలు కావడం మామూలు కాదు. అది ఎముక గుల్లబారిందని చెప్పే సంగతి. రెండో డాక్టరు గారు ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ రాశారు. అందులో వచ్చే స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్ అంటారు, అమ్మది మైనస్ 3.1. విటమిన్ డి కూడా బాగా తక్కువ. భుజం విరిగిన మనిషికి తర్వాత తుంటి విరిగే ప్రమాదం పెరుగుతుంది. అది తెలిసి కూడా ఎముక బలానికి మందు ఇవ్వకుండా ఇంటికి పంపేయడం కారుతున్న కప్పు కింద గోడకు సున్నం వేయడం లాంటిది. విటమిన్ డి, కాల్షియం సరిచేశాక ఏడాదికోసారి నరంలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆసిడ్ మొదలుపెట్టారు. ఆరు నెలలకోసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ అని ఇంకొకటి ఉంది. అది వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా మధ్యలో మానేయకూడదు, మానేస్తే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. మీ ఇంట్లో అది వాడేవాళ్లు ఉంటే ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి.

ఖర్చు సంగతి. బిల్లు నాలుగు లక్షలకు దగ్గరగా వచ్చింది, అందులో పెద్ద వాటా కీలుదే. మోకాలి కీళ్లకు కేంద్రం 2017 ఆగస్టులో గరిష్ఠ ధరలు నిర్ణయించింది. ఆ ఉత్తర్వు మోకాళ్ల వరకే. భుజం మార్పించుకునే వాళ్లు తక్కువ కాబట్టి దాని గురించి గొంతెత్తేవాళ్లూ తక్కువ. పెద్దవాళ్ల సంఖ్య ఇట్లా పెరుగుతున్న కాలంలో భుజాన్ని కూడా ఆ లెక్కలోకి తేవాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

ఎవరింట్లోనైనా పెద్దవాళ్లు పడి భుజం విరిగితే నేను చెప్పేది ఇది. తుంటి విరిగినట్టు గంటల్లో తేల్చుకోవాల్సిన పని చాలాసార్లు ఉండదు. ఎముక చర్మం చీల్చుకుని బయటకు రాకపోతే, కీలు ఊడిపోకపోతే, చెయ్యి చల్లబడకపోతే, మొద్దుబారకపోతే, కొన్ని రోజులు ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. సీటీ తీయించమని అడగండి. ఎన్ని ముక్కలు, బంతి బతికే అవకాశం ఎంత అని అడగండి. ఆపరేషన్ లేకుండా ఉంటే ఏమవుతుంది అని తప్పకుండా అడగండి. ప్లేటు విఫలమైతే తర్వాతి దారేమిటి అని అడగండి. మీరు ఇట్లాంటి భుజాలు ఏడాదికి ఎన్ని చేస్తారు అని అడగడానికి మొహమాటపడకండి, మంచి డాక్టర్లు దానికి కోపగించుకోరు. ప్లేటు వేశాక నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, రోగిని తిట్టే ముందు రెండు వైపుల నుంచీ ఎక్స్‌రే తీయించండి. అన్నింటికన్నా ముందు, ఆ చెయ్యితో వాళ్లు ఏం చేసుకుంటారో వాళ్లనే కూర్చోబెట్టి అడగండి. మొదటిసారి చెప్పరు. రెండోసారి అడగండి.

అమ్మకు కీలు మార్చి ఏడాది దాటింది. చెయ్యి భుజం కన్నా కాస్త ఎత్తుకు లేస్తుంది, చెవి దాకా పోదు. ముడి వేసుకుంటుంది కానీ తల బాగా వంచి, మధ్యలో ఒకసారి చెయ్యి దించి అలసట తీర్చుకుని వేసుకుంటుంది. వీపు రుద్దుకోలేదు, నేనున్నప్పుడు నేను రుద్దుతాను. నిండు బిందె ఎత్తొద్దన్నారు, ఎత్తట్లేదు. నొప్పి మాత్ర వేసుకుని నెలలైంది. ప్రెస్ బటన్ల జాకెట్లు నాలుగూ ట్రంకు పెట్టెలో ఉన్నాయి, పారేయనివ్వలేదు.

మొన్న శ్రావణ శుక్రవారానికి తెనాలి వెళ్లాను. పూజ అయ్యాక ఇద్దరం భోజనానికి కూర్చున్నాం. రెండేళ్ల అలవాటుగా అమ్మ కంచం పక్కన చెంచా పెట్టాను. దాన్ని తీసి నా వైపు జరిపింది. పప్పు వేయించుకుని, మీద నెయ్యి వేసుకుని, ఆవకాయ ముక్క పక్కన పెట్టుకుని, వేళ్లతో కలపడం మొదలుపెట్టింది.

“చూస్తావేమే, నువ్వూ తిను, చల్లారిపోతుంది” అంది.